పాలగుడ్డలో మల్లెలు

నా చిన్నప్పుడు పెద్దవాళ్లు నన్ను నమ్మి అప్పగించిన మొదటి పని, పొద్దున్నే పూలు తేవడం. నాలుగో తరగతి పరీక్షలు అయిపోయిన ఎండాకాలం అది. ఆ పనిని నేను ఎంత శ్రద్ధగా చేశానో గుర్తొస్తే నా చేతులంటే నాకే కోపం వస్తుంది.

నాకిప్పుడు కవలలు. పుట్టి ఇరవై ఆరు రోజులు. ఒకరికి పాలిచ్చి పడుకోబెట్టేసరికి రెండోవాళ్లు లేస్తారు. డిగ్రీ దాకా చదువుకున్నాను గానీ, ఇద్దరికీ పాలు చాలుతున్నాయో లేదో తేల్చి చెప్పే మాట ఏ పుస్తకంలోనూ దొరకలేదు. ఎవరు ఎంతసేపు తాగారో, ఎన్ని గుడ్డలు తడిపారో గోడకు తగిలించిన కాగితం మీద గీతలు గీసుకుంటాను. గీతలు సమానంగా లేకపోతే మళ్లీ మొదటి నుంచి లెక్కపెడతాను. ఇద్దరూ ఒకేసారి నిద్రపోయిన ఈ కాస్త సమయంలో నేనూ పడుకోవాలి. నిద్ర రావడం లేదు, అందుకే రాస్తున్నాను.

మాది హిందూపురం. నాయన అక్కడే ఒక మిల్లులో పని చేసేవాడు. నా తర్వాత తొమ్మిదేళ్లకు అమ్మకు కవలలు పుట్టారు, ఇద్దరూ ఆడపిల్లలే. మొదట పుట్టిన పిల్ల కాస్త ఒళ్లు చేసి ఉండేది. రెండోది పిట్టకూనలా ఉండేది. పేర్లు పెట్టేదాకా వాళ్లను పెద్దపాప, చిన్నపాప అనే పిలిచాం. కాన్పయిన పదో రోజున అమ్మను, పిల్లల్ని పెనుకొండలో మా అవ్వ ఇంటికి తీసుకొచ్చారు. సెలవులు కాబట్టి నేనూ వెంట వచ్చేశాను.

మా అవ్వ అంటే నాకు ప్రాణం. అవ్వ, అంటే అమ్మవాళ్ల అమ్మ, వీధిలో ఎవరికి నొప్పులు వచ్చినా పిలిచేది ఆమెనే. సంగటి ముద్దకు గుంట చేసి నెయ్యి వేసేటప్పుడు నా ముద్దకు మాత్రం గుంట పెద్దగా చేసేది. ఇంటి వెనక రెండు మేకలు ఉండేవి. వాటి పాలు పిండేటప్పుడు నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, ఏ ఇంట్లో ఏ బిడ్డ ఎట్లా అడ్డం తిరిగిందో, తాను ఎట్లా సరిచేసిందో చెప్పేది. ప్రపంచంలో అవ్వకు తెలియనిది లేదని నా నమ్మకం.

పెనుకొండకు వచ్చిన కొత్తలో అమ్మకు పాలు పొంగిపొర్లేవి. ఒక పాప తాగుతుంటే రెండోవైపు నుంచి చుక్కలు చుక్కలుగా కారి రవిక తడిసిపోయేది. అందుకని పాత పంచెగుడ్డను మెత్తగా మడిచి లోపల పెట్టుకునేది. మేం దాన్ని పాలగుడ్డ అనేవాళ్లం. ఒకరోజు ఒకవైపు పాలు గడ్డకట్టి అమ్మకు జ్వరం వచ్చింది. అవ్వ మల్లెపూలు తెప్పించి ఆ వైపు రెండు రోజులు కట్టింది. గడ్డ కరిగింది, జ్వరం దిగింది. పూలు ఎందుకు కట్టారో నాకు తెలియదు. మందు అనుకున్నాను, అంతే.

మూడో రోజు అవ్వ నన్ను మేకల దగ్గరికి పిలిచింది. ఆమె చేతిలోని పాలగుడ్డ మూడు పొరలుగా, మధ్యలో చిన్న సంచిలాగా కుట్టి ఉంది.

"ఇద్దరికి సాలేంత పాలు ఊరల్ల గదా మీయమ్మకి. దినామూ పూలు తెచ్చి ఈ మడత లోపల పెట్టి కుట్టేసి ఇయ్యి. ఆయమ్మకు మాత్రం చెప్పొద్దు. చెప్తే దిష్టి తగిలి ఉండే పాలు గూడా పోతాయి."

"నేను చెప్పను అవ్వా."

"నా బంగారుతల్లి. నిన్ను గాక ఎవుర్ని నమ్మల్ల నేను?"

ఆ చివరి మాటకు నేను రెండంగుళాలు ఎత్తు పెరిగాననిపించింది.

రోజూ తెల్లవారగానే మూత ఉన్న టిఫిను డబ్బా పట్టుకుని బస్టాండు దగ్గర పూలమ్మే ఆమె దగ్గరికి వెళ్లేదాన్ని. విడి మొగ్గలు పోయించుకుని వచ్చి, కాడలు తుంచి, గుడ్డ పొరల మధ్య పరిచి, మూతిని నాలుగు కుట్లతో మూసేదాన్ని. ఉదయానికి ఒకటి, సాయంత్రానికి ఒకటి. అమ్మ వావిలాకు నీళ్లు పోసుకుని వచ్చాక అవ్వ గది నిండా సాంబ్రాణి పొగ వేసేది. ఆ పొగలో మల్లెల వాసన తెలిసేది కాదు. అమ్మ తడిసిన పాలగుడ్డ తీసి నాకిచ్చి, నేనిచ్చింది లోపల పెట్టుకునేది. ఒకరోజు నా తల నిమిరి, "బాలింత పనులు నీకు ఇంత బాగా వచ్చునని నాకు తెలీదే" అంది. వాడిన పూలను పెరట్లో పారబోస్తూ నేను చాలాసేపు నవ్వుకున్నాను.

వారం తిరిగేసరికి పాలగుడ్డలు పొడిగా రావడం మొదలైంది.

నేనది గమనించాను గానీ దాని అర్థం తెలియలేదు. పాపలు మాత్రం మారిపోయారు. నాలుగు గుక్కలు తాగి, వదిలేసి, మొహం ఎర్రగా చేసుకుని ఏడ్చేవాళ్లు. పెద్దపాప గొంతు వీధి చివరిదాకా వినిపించేది. చిన్నపాపది ఇంకో రకం. అది కొన్నాళ్లకు ఏడవడమే మానేసింది. నోరు తెరిచి తలను ఇటూ అటూ తిప్పేది, దొరకకపోతే అలాగే కళ్లు మూసుకునేది. అమ్మ గోడవైపు తిరిగి కూర్చుని, పిండుకుని, రాక, కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చేది. అవ్వ వెల్లుల్లి కారం చేసి పెట్టింది, మునగాకు వండింది. "తిను తల్లీ, తింటేనే గదా పాలొచ్చేది" అని బతిమాలింది. అదంతా నా కళ్లముందే జరిగింది. ఆ గొంతులో అబద్ధం ఉందని ఇప్పటికీ నాకు అనిపించదు. అదే నాకు అర్థం కానిది.

నేను నా తెలివితో ఒక నిర్ణయానికి వచ్చాను. పూలు చాలడం లేదు. మరుసటి రోజు నుంచి రెట్టింపు మొగ్గలు పోయించుకుని, మడతలో నిండుగా కూరాను.

ధర్మవరం నుంచి పెద్దమ్మ రాకపోకలు ఎక్కువయ్యింది అప్పుడే. పెద్దమ్మ అమ్మకు సొంత అక్క. వాళ్లింట్లో రెండు పట్టుమగ్గాలు ఆడేవి. పెళ్లయి పన్నెండేళ్లయినా పిల్లలు లేరు. వచ్చినప్పుడల్లా పాలసీసా ఒకటి, మెత్తటి గుడ్డలు మూటగా తెచ్చేది. చిన్నపాపను ఒళ్లో వేసుకుని, వేడినీళ్లలో కడిగిన సీసాతో పాలు పట్టేది. ఆ పిల్ల గటగటా తాగి, ఆమె వేలు పట్టుకుని నిద్రపోయేది. పెద్దమ్మ కదలకుండా అలాగే కూర్చునేది, కాలు తిమ్మిరెక్కినా సరే. అమ్మ తలుపు దగ్గర నిలబడి చూసేది. చూసి లోపలికి వెళ్లిపోయేది.

ఏం జరగబోతోందో నాకు ముక్కలు ముక్కలుగా వినపడింది. "ఒగరన్నా బతకల్ల గదా" అని అవ్వ. "యాడికో కాదు కదమ్మీ, నా ఇంటికే గదా" అని పెద్దమ్మ. ఆదివారం వచ్చిన నాయన, "మీయమ్మ ఎట్ల చెప్తే అట్ల" అని చెప్పి సాయంత్రం బండికి వెళ్లిపోయాడు. అమ్మ రెండు రోజులు అన్నం ముట్టలేదు. మూడో రోజు తలవంచుకుని, "పాలు లేని తల్లికి ఇద్దరేంటికి, తీసుకుపోండి" అంది. గురువారం మధ్యాహ్నం ప్యాసింజరుకు చిన్నపాపను ధర్మవరం పంపాలని అనుకున్నారు. కొన్నాళ్ల పాటే అన్నారు. ఎన్నాళ్లని మాత్రం ఎవరూ అనలేదు.

ఆ గురువారం పొద్దున కూడా నేను పూలకు వెళ్లాను. ఈ ఒక్క పూటకు పాలు ఊరితే చెల్లెలు ఉండిపోతుందని నా ఆశ. డబ్బా చాలదని ఇంట్లో ఉన్న పెద్ద గిన్నె కూడా తీసుకెళ్లాను.

పూలామె గిన్నెను చూసి నవ్వింది. "ఏమ్మే, దినదినానికీ పెరుగుతాండాది నీ గిన్నె. మీ ఇంట్లో పెండ్లి గాని ఉండాదా?"

"పెండ్లి లేదు. మాయమ్మకు పాలు రావల్ల. ఇద్దరు పాపలు."

పోస్తున్న చెయ్యి ఆగింది. "పాలు రావల్లనా? ఎవురు చెప్పినారే నీకు?"

"మా అవ్వ."

"మీ అవ్వనా! కాన్పులు చేసే మనిషికి అది తెలీకపోవడమేంది?" ఆమె నా మొహంలోకి చూసింది. తర్వాత గొంతు తగ్గించి చెప్పింది. "మల్లెలు కట్టేది పాలు ఎండేదానికి తల్లీ. నా బిడ్డ పోయినప్పుడు ఈ బుట్టలో పూలే కట్టుకొన్యా నేను. రాళ్ల మాదిరి ఉన్నెవి, వారానికంతా ఏమీ లేకుండా అయిపాయ."

గిన్నెలో పోసిన మొగ్గల్ని ఆమె దోసిళ్లతో మళ్లీ బుట్టలోకి తీసేసుకుంది. "పో. బిన్నా పోయి మీయమ్మకు చెప్పు."

ఇంటికి పరుగెత్తుతున్నంతసేపూ నాకు భయం కంటే సంతోషమే ఎక్కువగా ఉంది. అవ్వ పొరపాటు పడింది, నేను చెప్తే దిద్దుకుంటుంది, చెల్లెలు వెళ్లక్కర్లేదు. అందుకే అమ్మ దగ్గరికి కాకుండా నేరుగా పెరట్లోకి, అవ్వ దగ్గరికి పోయాను. మేక పొదుగు కింద చెంబు పెట్టుకుని కూర్చుని ఉంది. రొప్పుతూ పూలామె మాటలన్నీ చెప్పేశాను.

అవ్వ ఆశ్చర్యపోలేదు. పాలతడి అంటిన చేత్తో నా నోరు మూసింది.

"అరవొద్దు. నాకు తెలుసు."

నాకు అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది. మేక కాలితో చెంబును తన్నింది, పాలు నేల మీద పారాయి. అవ్వ అటు చూడలేదు. "ఈపొద్దు ఒక్కపొద్దు ఊరకుండు తల్లీ. బండి పోయినాంక అంతా చెప్తా నీకు. నా బంగారు కదా."

ఆ బంగారు అన్న మాటకు నాలో ఏదో తెగిపోయింది. అవ్వ తప్పు చేసిందని అప్పుడు అనుకోలేదు. నన్ను ఎంచుకుంది, అదే తట్టింది. ఇంట్లో అందరిలోకీ ప్రశ్న వేయనిదాన్ని నేనే అని చూసి మరీ ఎంచుకుంది. నిన్ను గాక ఎవర్ని నమ్మాలి అన్నది అందుకే.

రాత్రి అమ్మ తీసిచ్చిన పాలగుడ్డ ఇంకా బకెట్లోనే ఉంది. అది తీసుకుని లోపలికి వెళ్లాను. అమ్మ చిన్నపాపకు కొత్తచొక్కా తొడిగి, అరికాలికి కాటుక చుక్క పెడుతోంది. పెద్దమ్మ పక్కనే మూట కడుతోంది. గుడ్డ కుట్లు పళ్లతో తెంపి అమ్మ ఒళ్లో విదిలించాను. గోధుమరంగుకు మారి ముద్దయిన పూలు చీర మీద పడ్డాయి.

అమ్మ ఒకటి తీసి వాసన చూసింది. తర్వాత తన రవికలో నుంచి ఆ పొద్దున పెట్టుకున్న గుడ్డ తీసి తానే చింపింది. అందులోని పూలు ఇంకా వాడలేదు.

"ఎన్ని దినాల నుంచి?"

"నీకు జ్వరం తగ్గినప్పటి నుంచి."

"ఎవురు పెట్టినారు?"

"నేనే" అన్నాను. అది నిజమే కదా.

అవ్వ అప్పటికి గడప దగ్గరికి వచ్చి నిలబడింది. అమ్మ ఆమెవైపు చూసి "అమ్మా" అంది. కోప్పడి ఉంటే అవ్వ తట్టుకునేదేమో. ఆ పిలుపుకు గడప మీదే కూలబడింది.

"నీతోపాటు ఒగ మగబిడ్డ పుట్టినాడని తెలుసు గదా నీకు. ఎట్ల పోయినాడో నీకు తెలీదు. ఇద్దరికీ సమానంగా పెడదామని పెడితి. నాకు చాలకపాయ. ఇద్దరూ ఎండిపోతాంటిరి. నువ్వు మిగిల్తివి, వాడు మూడో నెల్లో పాయ. నీకు ఇద్దరని తెలిసినప్పటి నుంచి నాకు కంటికి కునుకు లేదు. మీ అక్క ఒడి ఖాళీగా ఉండాది, ఆడ పాలకు కొదవ లేదు. ఒగ బిడ్డ ఈడ, ఒగ బిడ్డ ఆడ, ఇద్దరూ బతుకుతారనుకొంటి. నిన్ను అడిగితే ఇస్తావా?"

"అడగల్ల కదమ్మా" అంది అమ్మ. "ఇచ్చేదాన్నో, లేదో. అడగల్ల కదా."

తర్వాత పెద్దమ్మ వైపు తిరిగింది. "నీకు తెలుసునా అక్కా?"

పెద్దమ్మ కట్టిన మూటను విప్పి మళ్లీ కట్టింది. ఆ ముడి ఎంతకీ కుదరలేదు. బయట జట్కా అతను, "ఏమ్మా, బండి టైమవతాండాది, వస్తాండారా లేదా?" అని కేకేశాడు. పెద్దమ్మ లేచి, చిన్నపాప బుగ్గను వేలితో తాకి, మూట అక్కడే వదిలేసి వెళ్లిపోయింది. ఆమెకు తెలుసో లేదో మాకు ఇప్పటికీ తెలియదు. తెలియదు అని ఆమె చెప్పి ఉంటే అమ్మ నమ్మేది.

ఆ మధ్యాహ్నం అమ్మ నన్ను కొడుతుందనుకుని పెరట్లో మేకల వెనక దాక్కున్నాను. అమ్మ పిలిచింది. "చేతులు సబ్బుతో కడుక్కోని రా" అంది. వెళ్లేసరికి రెండువైపులా దిండ్లు పేర్చుకుని, ఇద్దరు పాపల్నీ చెరో చంకకింద పెట్టుకుని కూర్చుని ఉంది. వాళ్ల కాళ్లు వెనక్కి, తలలు ముందుకు. చిన్నపాప తల నిలవడం లేదు. "దీని తల నువ్వు పట్టుకో. గట్టిగా కాదు, కోడిగుడ్డును పట్టుకొన్యట్ల." పట్టుకున్నాను. ఖాళీగా ఉన్నా సరే, ఇద్దరి చేతా గంటకోసారి చప్పరింపించింది. మధ్యలో అవ్వనే పిలిచి, "అరగ్లాసు మేకపాలు కాంచి ఇయ్యి" అని అడిగి, ఉగ్గుగిన్నెతో పట్టేది. బిడ్డ ఆకలి ముందు అమ్మ పంతానికి పోలేదు. కానీ ఆ రోజుల్లో అవ్వతో పాల గురించి తప్ప మరో మాట మాట్లాడలేదు.

నాలుగో రోజునో ఐదో రోజునో చిన్నపాప గొంతులో 'గుటుక్' అని వినపడింది. నేను తల పట్టుకునే ఉన్నాను, నా వేళ్లకు తెలిసింది. అమ్మ కళ్లు మూసుకుంది. ముందున్నన్ని పాలు మళ్లీ ఎప్పుడూ రాలేదు. వచ్చినవి వచ్చినట్టు ఇద్దరికీ పెట్టి, తక్కువైనవి మేకపాలతో నింపింది. ఇద్దరూ బతికారు. ఇప్పుడు పదో తరగతి. పిట్టకూనలా ఉన్నదే పెద్దదాని కంటే పొడుగు.

హిందూపురానికి బయల్దేరే ముందు ఒకరోజు ధైర్యం చేసి అమ్మను అడిగాను, నా మీద కోపమా అని. "నీ మీద ఏంటికి? చెయ్యమంటే ఏంటికని నువ్వు అడగలేదు. నేను గూడా అడగలేదు, మాయమ్మ కదా అని" అంది. నాకు నీతి చెప్పాలని అన్నట్టు లేదు. తనకు తాను చెప్పుకున్నట్టుంది.

అవ్వ ఆ తర్వాత ఎనిమిదేళ్లు బతికింది. తప్పయిందని ఎప్పుడూ అనలేదు. "ఇద్దరూ బతికిరి గదా" అనేది, అదేదో తన వాదన గెలిచినట్టు. నేను పెద్దయ్యాక కూడా సంగటిలో నెయ్యి నాకే ఎక్కువ వేసేది. నేను తినేదాన్ని. ప్రేమగానే ఉండేది, నాకు అసహ్యమూ పుట్టేది కాదు. కానీ ఆమె బంగారుతల్లి అన్నప్పుడల్లా నా నోటి మీద పాలతడి చెయ్యి ఉన్నట్టే ఉండేది. ఈ రోజుల్లో నా పక్కన ఇద్దరు ఏడుస్తుంటే, చాలని పాలతో ఇద్దర్ని చూసుకున్న ఆ మనిషి భయం నాకు తెలిసొస్తోంది. ఆ భయం తెలిసినా ఆమెను క్షమించలేకపోతున్నాను. రెండూ నాలోనే పక్కపక్కన ఉన్నాయి.

పోయిన వారం మా అత్తగారు బత్తలపల్లి నుంచి పాలు పడతాయని ఏదో పొడి తెచ్చారు. ఇందులో ఏమేమి ఉన్నాయి, ఎవరు కొట్టారు, ఎందుకు అని నలుగురి ముందు అడిగాను. ఆమె మొహం మాడిపోయింది. "చదువుకొన్యోళ్లతో ఇదే కదమ్మా" అన్నారు. అలాగే అననీ. పెద్దవాళ్లు నన్ను మంచిపిల్ల అనడం నాకు తొమ్మిదేళ్లప్పుడే చాలు.

ఈ ఇరవై ఆరు రోజులుగా అమ్మే నన్నూ పిల్లల్నీ చూసుకుంటోంది. ఒక సంగతి నిన్నటిదాకా నేను గమనించలేదు. అమ్మ నా బిడ్డల్ని ఎప్పుడూ ఊరికే ఎత్తుకోదు. నేను సగం నిద్రలో ఉన్నా సరే, నా భుజం తట్టి మరీ చెప్తుంది. "పెద్దోన్ని ఎత్తుకొంటాండా, గుడ్డ మార్చేదానికి." "చిన్నదాన్ని ఎండలోకి తీసుకపోతాండా, పది నిమిషాలు." మందు ఇస్తే సీసా పేరు చదివి ఇస్తుంది. తెలిసి కూడా నేను ప్రతిసారీ అడుగుతాను, "ఏంటికమ్మా?" అని. తల్లిని అలా అడగడం తప్పని ఎవరైనా అంటారు. అమ్మ మాత్రం ఒక్కసారి కూడా విసుక్కోలేదు. చేస్తున్న పని ఆపి, నా వైపు తిరిగి, జవాబు చెప్పి, నేను సరే అనేదాకా అలాగే నిలబడి ఉంటుంది.